చిత్తూరు బార్లో బీరు టేస్టింగ్ పెట్టాలంటే: యజమానులకు, మేనేజర్లకు సమగ్ర మార్గదర్శి

చిత్తూరులో ఏ బార్లో కూర్చున్నా బీరు గురించి వినిపించే ప్రశ్నలు రెండే. "స్ట్రాంగ్ ఉందా?" "కూలింగ్ ఉందా?" రెండింటికీ ఔనని జవాబు వస్తే బ్రాండు ఏదైనా మూత లేస్తుంది. క్రాఫ్ట్ బీరు (చిన్న తయారీదారులు ప్రత్యేకమైన రుచుల కోసం చేసే బీరు) టేస్టింగ్ అంటే ఒక సాయంత్రం పాటు ఈ రెండు ప్రశ్నలనూ పక్కన పెట్టించడమే. గ్లాసు చిన్నది, చల్లదనం కాస్త తక్కువ, తొందర అసలే ఉండదు. ఈ గైడులో చెప్పే ఏర్పాట్లన్నీ దాని కోసమే. అది వదిలేసి డీజే, రంగు లైట్లు, 'ఒకటి కొంటే ఒకటి ఫ్రీ' మీద పడితే మామూలు పార్టీయే అవుతుంది.

మన ఊళ్లో దీనికి వచ్చేవాళ్లు ఉన్నారా అనే అనుమానం అక్కర్లేదు. బెంగళూరు మనకు సుమారు 180 కిలోమీటర్లు. అక్కడ ఇందిరానగర్‌లోని టాయిట్ లాంటి, బీరు అక్కడికక్కడే తయారుచేసి పోసే మైక్రోబ్రూవరీల్లో గోధుమ బీరు, ఐపీఏ (చేదు ఎక్కువుండే ఇండియా పేల్ ఏల్) తాగి అలవాటైన మన పిల్లలు పండక్కి ఇంటికొస్తే ఇక్కడ వాళ్లకు కావలసింది దొరకదు. పండగ సెలవుల్లో వచ్చిన పదిమందితో మొదలుపెడితే వాళ్ల అన్నలు, బావలు వాళ్ల వెంట వస్తారు.

1. ముందు కాగితాలు

ఇది విసుగు పని. కానీ ఇక్కడ తేడా వస్తే లైసెన్సుకే ఎసరు.

బార్లో అమ్మే ప్రతి సీసా ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ డిపో నుంచి రావాలి. కాబట్టి టేస్టింగ్ జాబితా మన మనసులోంచి కాదు, డిపో స్టాకు జాబితాలోంచి మొదలవుతుంది. బెంగళూరు మైక్రోబ్రూవరీలో రెండు లీటర్ల సీసాలు నింపించుకుని, సరిహద్దులోని నంగిలి దాటించి తెచ్చేద్దాం అనే ఆలోచన ప్రతి గ్రూపులోనూ ఎవరికో ఒకరికి వస్తుంది. వద్దు. పక్క రాష్ట్రం మద్యం ఇక్కడ పన్ను కట్టని సరుకు కిందికి వస్తుంది. దాన్ని లైసెన్సు ఉన్న బార్లో పోయడమంటే కోరి కేసు తెచ్చుకోవడమే. కర్ణాటక బీరే తాగాలనుంటే దానికి వేరే దారి ఉంది, చివర్లో చెబుతాను.

ఆంధ్రప్రదేశ్‌లో మద్యం తాగడానికి కనీస వయసు 21 ఏళ్లు. టేస్టింగుకు కాలేజీ కుర్రాళ్లు ఎగబడతారు కాబట్టి పేరు రాసుకునేటప్పుడే ఆధార్ గానీ డ్రైవింగ్ లైసెన్సు గానీ చూడండి. తెలిసినవాళ్ల అబ్బాయి అయినా సరే. తలుపు దగ్గర గొడవ పడటం కన్నా ఫోన్లో ముందే చెప్పడం సులువు.

మద్యానికి ప్రకటనలు ఇవ్వడం నిషేధం. గాంధీ రోడ్డులో ఫ్లెక్సీ కట్టే ఆలోచన మానేయండి. సోషల్ మీడియాలో సీసాలు, బ్రాండ్ల పేర్లు పెట్టి ఊదరగొట్టడం కూడా అదే కోవలోకి రావచ్చు. ఇరవై మంది పాత కస్టమర్లకు మీరే ఫోన్ చేసి చెప్పండి, అది చాలు. కొత్తగా ఏం చేస్తున్నా ఎక్సైజ్ స్టేషన్‌లో ఒక మాట చెప్పి, మీ లైసెన్సు షరతుల్లో దానికి వీలుందో లేదో కనుక్కోండి.

పాటలు పెడతారా? వ్యాపార స్థలంలో రికార్డు చేసిన పాటలు వినిపించాలంటే కాపీరైట్ చట్టం ప్రకారం హక్కుదారుల లైసెన్సు ఉండాలి. ఆరుబయట లౌడ్‌స్పీకర్లయితే రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా కుదరదు. నన్నడిగితే టేస్టింగ్ జరిగేంతసేపు పాటలే వద్దు. మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి కదా.

2. రోజు కుదుర్చుకోవడం

చిత్తూరు, తిరుపతి వైపు బారు నడిపేవాళ్లకు ఇంగ్లిషు క్యాలెండర్ ఒక్కటే చాలదు. పెరటాసి నెల, అంటే సెప్టెంబర్ నడుమ నుంచి అక్టోబర్ నడుమ దాకా, చాలా ఇళ్లలో నీచు ముట్టరు, మందు అసలే ముట్టరు. మిగతా నెలల్లో కూడా శనివారం వెంకన్న వారమని మానేసేవాళ్లు బోలెడుమంది. కార్తీకంలో మాలలు వేసుకున్నాక సంక్రాంతి దాకా బార్లు పలచబడతాయి. వినాయక చవితి నుంచి కాణిపాకం బ్రహ్మోత్సవాలు, మే నెలలో గంగ జాతర. ఆ రోజుల్లో ఊరి మనసంతా అటే ఉంటుంది. టేస్టింగ్ పెట్టినా జనం రారు, పైగా చెడ్డపేరు.

వీటికి తోడు డ్రై డేలు: జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2. ఎన్నికలు వస్తే పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటలు.

ఇవన్నీ తీసేస్తే మిగిలిన రోజుల్లో బుధవారం నాకు నచ్చుతుంది. ఆదివారం ఎలాగూ బారు నిండుతుంది, ఆ రోజు కొత్త ప్రయోగాలు పెట్టుకుంటే ఉన్న కస్టమర్లకు సర్వీసు దెబ్బతింటుంది. బుధవారం కుర్చీలు ఖాళీ, వంటవాళ్లు ఖాళీ, మీరూ ఖాళీ. నెల మొదటి వారమైతే జేబుల్లో జీతం కూడా ఉంటుంది. సాయంత్రం 6.30కు మొదలుపెట్టి 8 కల్లా ముగించండి. ఆ తర్వాత అక్కడే కూర్చుని భోంచేసేవాళ్లు చేస్తారు.

తిరుపతిలో పెట్టేవాళ్లకు ఒక మాట. కొండ మీద మద్యం, మాంసం, పొగాకు నిషేధమని, అలిపిరి దగ్గర తనిఖీ ఉంటుందని అందరికీ తెలిసిందే. కానీ హోటల్లో దిగినవాళ్లలో మరుసటి పొద్దున దర్శనానికి వెళ్లే కుటుంబాలే ఎక్కువ. వాళ్లు నడిచే దారిలో, లాబీలో దీని బోర్డు కూడా కనపడకూడదు.

3. ఎంతమంది, ఎంత బీరు

మొదటిసారికి 14 మంది చాలు. రెండు పొడవాటి బల్లలు కలిపితే సరిపోతారు, ఒక మనిషి గొంతు అందరికీ వినపడుతుంది.

ఒక్కొక్కరికి ఒక్కో రకం 90 మి.లీ. ఐదు రకాలంటే మొత్తం 450 మి.లీ. "ఇంతేనా?" అని ముఖం చిట్లించేవాళ్లు ఉంటారు. ఇంతే. సగటున 5 శాతం ఆల్కహాల్ అనుకుంటే ఇందులో ఉన్నది 22.5 మి.లీ. ఆల్కహాల్. 8 శాతం ఉన్న 650 మి.లీ. స్ట్రాంగ్ సీసా ఒక్కదాంట్లోనే 52 మి.లీ. ఉంటుంది. అంటే సాయంత్రమంతా తాగినది ఒక పెద్ద స్ట్రాంగ్ సీసాలో సగం కూడా కాదు. తల తేలికగా ఉంటేనే ఐదో గ్లాసులో ఏముందో తెలుస్తుంది.

స్టాకు లెక్క ఇలా వేయండి. 14 మందికి 90 చొప్పున 1,260 మి.లీ. రెండు 650 సీసాలు 1,300 వస్తాయి, కాగితం మీద సరిపోతుంది. పోసేటప్పుడు నురగకు పోయేది, పోసే మనిషి ముందుగా రుచి చూసేది కలిపితే చాలదు. మూడు తీసుకోండి. 500 మి.లీ. క్యాన్లయితే మూడు, 330 సీసాలైతే ఐదు. మిగిలితే ఫ్రిజ్‌లో ఉంటాయి, నష్టమేం లేదు.

4. రకాలు ఎంచడం, వరస పెట్టడం

తేలిక నుంచి బరువుకు, తక్కువ చేదు నుంచి ఎక్కువ చేదుకు వెళ్లాలి. ముందే ఐపీఏ తాగించి తర్వాత గోధుమ బీరు ఇస్తే అది నీళ్లలా అనిపిస్తుంది. డిపోలో అన్నీ దొరికిన అదృష్టం ఉంటే నా వరస ఇది:

మొదట పిల్స్‌నర్ లేదా మంచి లాగర్. నేడు లోకమంతా తాగే లేత పసుపు లాగర్‌కు మూలం 1842లో చెక్ దేశపు ప్లజెన్‌లో జోసెఫ్ గ్రోల్ తయారుచేసిన బీరు. మన కింగ్‌ఫిషర్ కూడా ఆ వంశమే.

రెండోది బెల్జియం తరహా గోధుమ బీరు. ఇందులో ధనియాలు, నారింజ తొక్క వేస్తారు. ఈ రకం ఒక దశలో దాదాపు కనుమరుగైంది. హూగార్డెన్ ఊళ్లో పియెర్ సెలిస్ అనే ఆయన 1966లో మళ్లీ మొదలుపెట్టాడు. ధనియాలు అనగానే మన బల్ల చుట్టూ నవ్వులొస్తాయి, బీరులో చారుపొడి ఏంటని. ఆ నవ్వు రానివ్వండి, ఆ తర్వాతే ముక్కు పెట్టి జాగ్రత్తగా వాసన చూస్తారు.

మూడోది జర్మన్ గోధుమ బీరు, హెఫెవైజన్. పండిన అరటిపండు, లవంగం వాసన వస్తుంది. విశేషమేమంటే ఇందులో అరటీ లేదు, లవంగమూ లేదు. ఆ రెండు వాసనలూ బీరును పులియబెట్టే సూక్ష్మజీవి, ఈస్ట్, తనంతట తాను పుట్టించేవే. జనాలను ఆశ్చర్యపరచాలంటే దీన్ని మించింది లేదు.

నాలుగోది పేల్ ఏల్ లేదా ఐపీఏ. హాప్స్ అనే తీగ పూల చేదు ఇందులో బాగా తెలుస్తుంది. చేదును ఐబీయూ అనే కొలతలో చెబుతారు. బెల్జియం గోధుమ బీరు 8 నుంచి 20 మధ్య ఉంటే అమెరికన్ ఐపీఏ 40 నుంచి 70 దాకా వెళ్తుంది. మన దేశంలో హాప్స్ పండేది హిమాచల్‌లోని లాహౌల్ వైపు. ఇక్కడి ఎండకు అది సరిగా పండదు. ఐపీఏ పేరులో ఇండియా ఉందని తెలిసి ఒకాయన తప్పకుండా దాని కథ చెబుతాడు, లండన్‌లో హాడ్జ్‌సన్ అనే వ్యాపారి మన దేశానికి పంపడానికే దీన్ని కనిపెట్టాడని. హాడ్జ్‌సన్ ఇక్కడికి ఓడల్లో బీరు పంపిన మాట నిజమే. కానీ వేడి దేశాలకు వెళ్లే బీరులో హాప్స్ ఎక్కువ వేయాలన్న సంగతి ఆయన కన్నా ముందే తెలుసు.

ఐదోది స్టౌట్. మాడబెట్టినంతగా వేయించిన బార్లీ వల్ల నలుపు, కాఫీ డికాక్షన్ వాసన. నల్లగా ఉంది కాబట్టి కిక్కు ఎక్కువని అందరూ అనుకుంటారు. డబ్లిన్‌లో తయారయ్యే మామూలు గిన్నిస్ డ్రాఫ్ట్‌లో ఆల్కహాల్ సుమారు 4.2 శాతమే. మన స్ట్రాంగ్ లాగర్ కన్నా చాలా తక్కువ.

అసలు సమస్య ఇప్పుడు. చిత్తూరుకు వచ్చే సరుకులో ఈ ఐదూ ఒకేసారి దొరకడం కష్టం. స్టౌట్ దొరకదు, ఐపీఏ దొరకదు, గోధుమ బీరు ఒకటో రెండో దొరుకుతాయి. అలాంటప్పుడు ప్రోగ్రాం రద్దు చేయనక్కర్లేదు, రూపం మార్చండి. మూడు రకాలతోనే ఐదు గ్లాసులు తయారుచేయొచ్చు:

ఒకటి, తాజా లాగర్. రెండు, అదే లాగర్, కాకపోతే పచ్చ సీసాలోది, మధ్యాహ్నం డాబా మీద ఎండలో రెండు మూడు గంటలు పెట్టి మళ్లీ చల్లార్చినది. వెలుతురు తగిలితే హాప్స్‌లోని చేదు పదార్థం విరిగి, పచ్చ సీసాలో, తెల్ల సీసాలో చెడు కంపు కొడుతుంది. గోధుమరంగు సీసా దాన్ని చాలావరకు ఆపుతుంది. ఈ రెండు గ్లాసులు పక్కపక్కన పెట్టి వాసన చూపిస్తే, ఇక ఆ మనిషి జన్మలో షాపు ముందు ఎండలో పెట్టిన కేసు కొనడు. మూడు, గోధుమ బీరు ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే. నాలుగు, అదే గోధుమ బీరు కాసేపు బయట పెట్టి. ఐదు, మీ బార్లో ఎక్కువగా అమ్ముడుపోయే స్ట్రాంగ్, పేరు చెప్పకుండా.

నిజం చెప్పాలంటే ఐదు దేశాల బీర్ల కన్నా ఈ రెండో పద్ధతే నాకు ఎక్కువ ఇష్టం. ఖర్చు తక్కువ, నేర్చుకునేది ఎక్కువ.

5. సరుకు తేవడం, దాచడం

సీసా మీద తయారీ తేదీ చూడండి. మూడు నెలల లోపుదైతే మేలు, ఐపీఏ అయితే ఇంకా తాజాది కావాలి, ఎందుకంటే హాప్స్ వాసనే ముందు పోతుంది. బీరు తయారుచేసేవాళ్ల దగ్గర ఒక బండ లెక్క ఉంది: సుమారు 32 డిగ్రీల వేడిలో 3 రోజులు, 22 డిగ్రీల్లో 30 రోజులు, 3 డిగ్రీల చల్లదనంలో 300 రోజులు, మూడింటిలోనూ బీరు ఒకేలా పాతబడుతుంది. మే నెలలో మన స్టోర్ రూముల్లో ఎంత వేడి ఉంటుందో మీకు తెలుసు. కాబట్టి టేస్టింగ్ కేసులు డిపో నుంచి రాగానే నేరుగా ఫ్రిజ్‌లోకి పోవాలి. సీసాలు నిలబెట్టే ఉంచండి, పడుకోబెట్టొద్దు.

6. చల్లదనం

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. గడ్డకట్టేంత చల్లగా ఉంటే నాలుక మొద్దుబారుతుంది, బీరులోంచి వాసన పైకి లేవదు. చెడిపోయిన బీరు, మంచి బీరు రెండూ ఒకేలా ఉంటాయి. కస్టమర్ కూలింగ్ అడగడం తప్పు కాదు, మన ఎండలు అలాంటివి. కానీ ఆ సాయంత్రానికి మాత్రం లాగర్ 4 నుంచి 6 డిగ్రీలు, గోధుమ బీర్లు 6 నుంచి 8, ఐపీఏ 8 నుంచి 10, స్టౌట్ 10 నుంచి 13 మధ్య ఉండాలి. వంటింట్లో వాడే థర్మామీటర్ ఒకటి కొనండి. అదనంగా తెరిచిన సీసాలో ముంచి చూస్తే, ఏది ఎప్పుడు బయటికి తీయాలో రెండోసారికల్లా మీ చేతికి అలవాటవుతుంది.

గ్లాసులు ఫ్రీజర్‌లో పెట్టొద్దు. మంచు కరిగి బీరులో నీళ్లు కలుస్తాయి, నురగ అడ్డదిడ్డంగా లేస్తుంది. ఐస్ ముక్కలు అడిగేవాళ్లకు నవ్వుతూనే లేదని చెప్పండి.

7. గ్లాసులు కడగడం

150 నుంచి 200 మి.లీ. పట్టే, పైన కాస్త ముడుచుకున్న గ్లాసులైతే వాసన నిలుస్తుంది. చిన్న వైన్ గ్లాసులు సరిపోతాయి. కొనడం ఇష్టం లేకపోతే మామూలు గాజు గ్లాసులు చాలు. స్టీలు, ప్లాస్టిక్ వద్దు, రంగు కనపడదు. మనిషికి ఐదు గ్లాసులు లేకపోతే రెండు పెట్టి మధ్యలో కడిగి ఇవ్వండి. కొలత కోసం ఒక గ్లాసులో 90 మి.లీ. నీళ్లు పోసి, అంతవరకు మిగతావాటికి బయట మార్కర్‌తో గీత పెట్టండి.

చికెన్ ఫ్రై ప్లేట్లు కడిగిన సింకులో, అదే పీచుతో గ్లాసులు కడిగితే ఆ జిడ్డు నురగను చంపేస్తుంది. విడిగా తొట్టి, విడిగా బ్రష్ పెట్టి, సబ్బు పోయేదాకా బాగా జాలించాలి. గుడ్డతో తుడవకుండా బోర్లించి గాలికి ఆరనివ్వాలి. శుభ్రమైందో లేదో తెలియాలంటే గ్లాసు లోపల తడిపి ఉప్పు చల్లండి. అంతటా సమంగా అతుక్కుంటే శుభ్రం, ఎక్కడ అతుక్కోలేదో అక్కడ జిడ్డు ఉన్నట్టు. చూశాక మళ్లీ కడగాలి మరి. బీరు పోశాక గోడలకు బుడగలు అంటుకుని కూర్చున్నా అది మురికి గ్లాసే.

8. తినడానికి

టేస్టింగ్ జరిగేటప్పుడు బల్ల మీద కారం ఉండకూడదు. రాయలసీమలో ఈ మాట చెప్పడానికి ధైర్యం కావాలని తెలుసు. కానీ మిరపకాయ మంట మీద బీరు గ్యాస్, చేదు పడితే మంట పెరుగుతుంది, రుచి తెలియదు. ఉప్పు కారం లేని బొరుగులు, ఉప్పు తక్కువ వేసి ఉడకబెట్టిన చెనక్కాయలు, బ్రెడ్డు ముక్కలు. మనిషికి ఒక నీళ్ల బాటిల్. నిమ్మకాయ, ఉల్లిపాయ ముక్కలు కూడా తర్వాతే.

ఐదు గ్లాసులూ అయ్యాక అసలు మంచింగ్ తెప్పించండి. అప్పుడు ఏ బీరుకు ఏది నప్పుతుందో చూడటం ఇంకో సరదా. చేప వేపుడుకు బెల్జియం గోధుమ బీరు చక్కగా కుదురుతుంది, నిమ్మరసం పిండినట్టే ఉంటుంది. సంగటి, నాటుకోడి పులుసులాంటి ఘాటైన వాటికి ఐపీఏ ఇవ్వొద్దు. హెఫెవైజన్ ఇస్తే అందులోని మెత్తదనం కారాన్ని కాస్త అణుస్తుంది. స్టౌట్ దొరికితే చిత్తూరు బెల్లంతో చేసిన చెనక్కాయల చిక్కీ పక్కన పెట్టండి. బీరుతో తీపి ఏంటన్నవాళ్లే రెండో ముక్క అడుగుతారు.

9. ఆ గంటన్నర నడపడం

అందరికీ ఒక కాగితం, పెన్ను. కాగితంలో ఐదు వరసలు: రంగు, నురగ, వాసన, రుచి, మింగాక మిగిలేది. ఇంగ్లిషు పదాలతో నింపిన విదేశీ చార్టులు తెచ్చి పంచొద్దు. మన ఇంట్లో తెలిసిన వాసనలే రాయమనండి: ధనియాలు, అరటిపండు, లవంగం, నారింజ తొక్క, వేయించిన శెనగలు, డికాక్షన్, బెల్లం పాకం, వేపపువ్వు. చెడ్డవాటికి కూడా పేర్లు ముందే చెప్పండి. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే గాలి తగిలి పాతబడింది. ఉడికిన మొక్కజొన్న, వెన్న వాసనలు లాగర్‌లో గట్టిగా వస్తే తయారీలో లోపం. గోధుమ బీరు కానిదాంట్లో అనుకోని పులుపు తగిలితే ఏదో సూక్ష్మజీవి చేరిందని అనుమానించాలి.

పోసేటప్పుడు గ్లాసు వంచి మొదలుపెట్టి చివరికి నిటారుగా తెచ్చి, రెండు వేళ్ల మందం నురగ రానివ్వండి. వాసనను పైకి మోసేది ఆ నురగే. మన దగ్గర నురగ కనపడితే మోసం చేశారనుకుంటారు, కాబట్టి గీత దాకా బీరు ఉందని, నురగ దానికి అదనమని చూపించండి. హెఫెవైజన్ సీసాలో అడుగున మడ్డి ఉంటుంది. ముక్కాలు భాగం పోశాక సీసాను మెల్లగా తిప్పి ఆ మడ్డిని కలిపి పోయాలి. అది పాడైంది కాదు, ఈస్ట్.

పోసిన తర్వాత ఒక నిమిషం ఎవరూ మాట్లాడొద్దని చెప్పండి. చూడాలి, రెండు మూడు సార్లు పొట్టిగా వాసన పీల్చాలి, ఒక గుక్క నోట్లో తిప్పి మింగాలి. వైన్ రుచి చూసేవాళ్లు ఉమ్మేస్తారు, బీరులో మింగాక మిగిలే చేదు కూడా చూడాలి కాబట్టి ఇక్కడ మింగడం ఆనవాయితీ. రాసుకున్నాకే మాటలు. ఈ నియమం ముఖ్యం. లేదంటే బల్ల దగ్గర పెద్ద గొంతు ఉన్న అన్న ఏం చెబితే మిగతావాళ్లూ అదే రాస్తారు. మీరు చెప్పాల్సిన కథ మూడు నిమిషాలు దాటకూడదు. ఒక్కో రకానికి పదిహేను నిమిషాల లెక్క.

మధ్యలో ఎవరో ఒకరు అడుగుతారు: "అన్నా, వీటిల్లో కిక్కు ఎక్కువ దేనికి?" వెక్కిరించకండి. లేబుల్ మీద అంకె చదివి చెప్పి, "ముందు కళ్లు మూసుకుని నువ్వే చెప్పు అన్నా, స్ట్రాంగ్ ఏదో" అనండి. మూడు రకాల పద్ధతిలో స్ట్రాంగ్‌ను పేరు లేకుండా ఐదో గ్లాసుగా పెట్టింది ఇందుకే. ఆరోగ్యం కోసమో, నచ్చకో గ్లాసు వదిలేయాలనుకునేవాళ్ల కోసం బల్ల మీద ఒక ఖాళీ జగ్గు ఉంచండి. పూర్తిగా తాగాలన్న పట్టుదల ఎవరికీ ఉండకూడదు.

10. ఇంటికి చేర్చడం

మోటారు వాహనాల చట్టం ప్రకారం 100 మి.లీ. రక్తంలో 30 మి.గ్రా. ఆల్కహాల్ దాటితే నేరం. మొదటిసారి దొరికితే 10,000 రూపాయల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఐదు చిన్న గ్లాసులే కదా అనుకోవద్దు. మధ్యస్థంగా బరువున్న మనిషి గంటలో ఆ 450 మి.లీ. తాగినా 30 దాటే అవకాశం ఉంది. అందుకే పేరు రాసుకునేటప్పుడే బండి తేవొద్దని చెప్పండి. ఇద్దరు ముగ్గురు ఆటోవాళ్లకు 8 గంటలకు రమ్మని మాట్లాడిపెట్టండి, వీలైతే ఊళ్లో ఆటో చార్జీ టిక్కెట్లోనే కలిపేయండి. స్నేహితుల్ని దింపడానికి కారు తెచ్చినవాళ్ల కోసం ఆల్కహాల్ లేని 0.0 బీరు, లేదా మజ్జిగ, అదే బల్ల మీద, అదే గ్లాసుల్లో.

11. టిక్కెట్, బిల్లు

టిక్కెట్ ధర బీరు అసలు ఖర్చుకు రెండున్నర రెట్లు, దానిపైన తిండి ఖర్చు అనుకుంటే పగిలే గ్లాసులు కూడా గిట్టుబాటవుతాయి. మొదటిసారి లాభం కోసం చూడొద్దు. డబ్బు ముందే తీసుకోండి, ఉచితమంటే పేరు ఇచ్చి రారు. బిల్లులో మద్యం, తిండి విడివిడిగా రాయాలి. తాగే మద్యం జీఎస్టీ పరిధిలో లేదు, దానికి వ్యాట్. తిండికి జీఎస్టీ ఉంటుంది.

12. తర్వాత ఏం పెట్టొచ్చు

రెండు టేస్టింగులు సరిగ్గా జరిగితే మిగతావి మెల్లగా కలపండి. జూన్, జూలైలో చిత్తూరు చుట్టూ తోతాపురి కాయలు, గుజ్జు ఫ్యాక్టరీలు. ఆ కాలంలో ఒక మామిడి సాయంత్రం బాగుంటుంది: గుజ్జును నీళ్లతో పలచన చేసి వడగట్టి, గ్లాసులో ముందు ఒక వంతు రసం, పైన నాలుగు వంతుల గోధుమ బీరు మెల్లగా. గుజ్జు అలాగే పోస్తే నురగ పొంగి బల్ల పాడవుతుంది. ఐపీఎల్ రాత్రుల్లో మాత్రం టేస్టింగ్ పెట్టకండి, కళ్లు టీవీ మీదే ఉంటాయి.

ఆడవాళ్లు వస్తారా అని అడిగే యజమానులు ముందు తమ బార్లో బాత్రూం ఒకసారి చూసి రావాలి. అది బాగుండి, లైటింగ్ బాగుండి, టేస్టింగ్ బల్ల మామూలు హాలుకు దూరంగా ఉంటే అక్కాచెల్లెళ్లు, భార్యాభర్తలు వస్తారు.

ఇక మొదట్లో చెప్పిన కర్ణాటక దారి. బీరును ఇక్కడికి తేలేం కాబట్టి మనమే వెళ్లాలి. పదిమంది తయారైతే డ్రైవరుతో సహా టెంపో ట్రావెలర్ మాట్లాడుకుని పొద్దున్నే బయల్దేరండి. పలమనేరు, ముళబాగల్, కోలారు మీదుగా మధ్యాహ్నానికి బెంగళూరు. ఒకటి రెండు మైక్రోబ్రూవరీల్లో, ముందే ఫోన్ చేసి అడిగితే, ట్యాంకుల దగ్గరికి తీసుకెళ్లి చూపిస్తారు కూడా. చిన్న శాంపిల్ గ్లాసుల వరస అడగండి, పెద్ద మగ్గులు వద్దు. రాత్రి తిరిగొచ్చేటప్పుడు బండిలో సీసా ఒక్కటి కూడా ఉండకూడదని ఎక్కేముందే అందరికీ చెప్పండి, డిక్కీ మీరే చూడండి.

టేస్టింగ్ మరుసటి రోజు కాగితాలు ముందేసుకుని లెక్క తీయండి. 14 మందిలో ఎంతమంది స్ట్రాంగ్‌ను కళ్లు మూసుకుని గుర్తుపట్టారు, ఏ గ్లాసు ఎక్కువమందికి నచ్చింది, ఏది జగ్గులోకి పోయింది. నచ్చినది ఒక్క కేసు మాత్రం డిపోలో ఇండెంట్ (ఆర్డరు) పెట్టి, వచ్చినవాళ్లకు ఫోన్ చేసి ఫలానా బీరు ఫ్రిజ్‌లో ఉందని చెప్పండి. ఆ కేసు నెలలో ఖాళీ అయితే రెండో కేసు తెప్పించొచ్చు.